టాప్ స్పీడ్ పెంచితే కారు నెమ్మదించడమేంటి?

ప్రశ్న: నేను గ్రాన్ టురిస్మో అనే కార్ రేసింగ్ గేమ్ ఆడతాను. 400 హార్స్‌పవర్ దాకా పెంచుకున్న ఒక రియర్ వీల్ డ్రైవ్ కారుంది. ఈమధ్యే దానికి గేర్లన్నీ మనమే మార్చుకోగలిగే రేసింగ్ ట్రాన్స్‌మిషన్ వేశాను. పొడవాటి స్ట్రెయిట్‌లో వెనకబడుతున్నానని టాప్ స్పీడ్ స్లైడర్‌ను 360కి జరిపాను. వేగం పెరగకపోగా తగ్గింది. అయిదో గేర్‌లో 265 దాకా వెళ్తోంది, ఆరో గేర్ వేశానంటే నీరసపడి 250కి దిగిపోతోంది. విసుగొచ్చి 220కి తగ్గించాను. ఇప్పుడు స్టార్టింగ్‌లో వెనక టైర్లు ఉత్తినే తిరుగుతున్నాయి, స్ట్రెయిట్ సగంలోనే ఇంజిన్ లిమిటర్‌కి కొట్టుకుంటోంది. "ముందు ఫైనల్ గేర్ మొత్తం కుడికి, తర్వాత టాప్ స్పీడ్ మొత్తం ఎడమకి, ఆ తర్వాతే మిగతావి" అని ఓ స్నేహితుడు చెప్పాడు. ఎందుకని అడిగితే తనకీ తెలీదు. అసలు ఈ అంకెలు ఏం చేస్తాయి? ఏ వరుసలో సెట్ చేసుకోవాలి? మొన్నటిదాకా ఆటోమేటిక్‌లో ఆడి ఇప్పుడే మాన్యువల్‌కి మారాను. ఈ సెట్టింగులు ఆటోమేటిక్‌లో కూడా పనిచేస్తాయా?

సమాధానం: మీ కారుకేమీ కాలేదు, గేమ్‌లో లోపమూ లేదు. ఆరో గేర్‌లో కంటే అయిదో గేర్‌లోనే కారు ఎక్కువ వేగం అందుకుంటోందని గమనించి రాశారు చూడండి, అసలు సంగతంతా అందులోనే ఉంది. చాలామంది అంతదూరం చూడరు. స్లైడర్ మీదున్న 360 స్పీడోమీటర్‌లో రాలేదని గేమ్‌ను తిట్టి ఊరుకుంటారు.

ఆ 360 మీ కారు అందుకోబోయే వేగం కాదు. చివరి గేర్‌లో ఇంజిన్ లిమిటర్ దాకా, అంటే అంతకు మించి తిరగనివ్వని హద్దు దాకా, తిరగగలిగితే అప్పుడు కారు ఎంత వేగంలో ఉంటుందో, ఆ లెక్క మాత్రమే. అక్కడిదాకా లాగే సత్తా ఇంజిన్‌కు ఉందా లేదా అన్నది స్లైడర్‌కు పట్టదు. దాన్ని తేల్చేది గాలి. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ నిరోధాన్ని తోసుకుపోవడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం 10 శాతం పెరగాలంటే పవర్ సుమారు 33 శాతం పెరగాలి. 400 హార్స్‌పవర్‌తో 270 వెళ్లే కారును 360కి తీసుకెళ్లాలంటే దాదాపు 950 హార్స్‌పవర్ కావాలి. గేర్‌బాక్స్ పవర్ పుట్టించదు. ఉన్న పవర్‌ను ఏ వేగం దగ్గర ఖర్చుపెట్టాలో మాత్రమే చెబుతుంది.

లెక్కలో చూస్తే ఇది ఇంకా తేటగా అర్థమవుతుంది. మీలాంటి కారే ఒకటి అనుకుందాం. లిమిటర్ 7,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. గరిష్ఠ పవర్ 400, అది 7,000 దగ్గర వస్తుంది. 6,600 దగ్గర 380, 5,200 దగ్గర 320. టైరు చుట్టుకొలత 2.07 మీటర్లు. గేర్ రేషియోలు వరుసగా 3.20, 2.15, 1.60, 1.28, 1.05, 0.88. గేర్లన్నిటికీ ఉమ్మడిగా చివర ఉండే రేషియో, అంటే ఫైనల్, 3.67.

రేషియో అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలన్నది. గేర్ రేషియోను ఫైనల్‌తో గుణిస్తే మొత్తం రేషియో వస్తుంది. ఆరో గేర్‌కు 0.88ని 3.67తో గుణిస్తే 3.23. అంటే ఇంజిన్ 3.23 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఇక వేగం కావాలంటే ఆర్‌పీఎంను టైరు చుట్టుకొలతతో, ఆపై 0.06తో గుణించి, మొత్తం రేషియోతో భాగించండి. 7,500 దగ్గర 288 కిలోమీటర్లు, 7,000 దగ్గర 269. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే ఏ గేమ్ ఆడినా స్లైడర్లతో గుడ్డిగా పనిలేదు.

ఈ కారు పవర్‌కి గాలి ఒప్పుకునే వేగం 270 అనుకోండి. పైన చెప్పిన గేరింగ్‌లో 269 దగ్గర ఇంజిన్ సరిగ్గా 7,000లో ఉంటుంది, అంటే గరిష్ఠ పవర్ దగ్గరే. ఇంతకన్నా మంచి ఆరో గేర్ ఈ కారుకు లేదు. ఇప్పుడు స్లైడర్‌ను 360కి జరిపి చూడండి. ఆరో గేర్ మొత్తం రేషియో 3.23 నుంచి 2.59కి పడిపోతుంది. అదే 250 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ 5,200లో ఈదుతుంటుంది. అక్కడున్నది 320 హార్స్‌పవరే. ఆ 320తో గాలి ఒప్పుకునే వేగం దాదాపు 250. కారు అక్కడే ఆగిపోతుంది. మిగతా గేర్లు కూడా అదే దామాషాలో సాగిపోయాయి కాబట్టి అయిదో గేర్ 302 దాకా పోయే పొడవు గేర్ అయిపోయింది. అందులో 265 దగ్గర ఇంజిన్ 6,600లో ఉంటుంది, 380 హార్స్‌పవర్ ఇస్తుంది. అందుకే అయిదులో 265, ఆరులో 250. సైకిల్ మీద ఎదురుగాలిలో పెద్ద గేర్ వేసినప్పుడు పెడల్ కదలక వేగం పడిపోతుందే, అచ్చం అదే.

కాబట్టి టాప్ గేర్‌ను ఎప్పుడూ స్లైడర్ మీది అంకె చూసి పెట్టకండి. ట్రాక్ మీద కారు ఏం చేస్తుందో చూసి పెట్టండి. స్ట్రెయిట్ చివర, బ్రేక్ వేసే చోట, మీ వేగమెంత, ఆర్‌పీఎం ఎంత? రీప్లే ఆపి ఆ రెండూ చదవండి. చివరి గేర్‌లో ఉండగా ఆర్‌పీఎం గరిష్ఠ పవర్‌కు చాలా కింద ఉంటే గేరింగ్ పొడవైపోయింది. బ్రేకింగ్ పాయింట్‌కి ముందే లిమిటర్ కొడుతుంటే పొట్టిదైపోయింది. స్ట్రెయిట్ చిన్నదై కారు తన గరిష్ఠ వేగం దాకా వెళ్లే చోటే లేకపోతే, బ్రేకింగ్ పాయింట్ దగ్గర లిమిటర్‌కు కాస్త కింద ఉండేలా చూసుకోండి. ఉదాహరణకు ఒక ట్రాక్‌లో మీరు అందుకునే అత్యధిక వేగం 235 అయితే, ఆరో గేర్‌ను 245 దగ్గర ముగిస్తే చాలు. మన కారుకు గేర్లు ఒక్కటీ ముట్టకుండా ఫైనల్‌ను 3.67 నుంచి 4.32కి పెంచితే సరిగ్గా అదొస్తుంది.

ఫైనల్ అంకె పెరిగితే గేర్లన్నీ పొట్టివవుతాయి, చక్రాల మీద లాగుడు పెరుగుతుంది, వేగం హద్దు తగ్గుతుంది. అంకె తగ్గితే దీనికి తిరగబడుతుంది. ఫోర్జా అనే మరో రేసింగ్ గేమ్‌లో ఇదే స్లైడర్‌కు ఒక చివర స్పీడ్ అని, రెండో చివర యాక్సిలరేషన్ అని రాసుంటుంది. అది చూసి చాలామంది మరో పొరపాటు పడతారు. ఫైనల్ 18 శాతం పెరిగింది కాబట్టి యాక్సిలరేషన్ కూడా అన్నిచోట్లా 18 శాతం పెరుగుతుందనుకుంటారు. అలా జరగదు. ఎందుకో కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే గేర్ ట్యూనింగ్‌లో అన్నిటికన్నా తక్కువమందికి తెలిసిన విషయం ఇదే.

ఒకే గేర్‌లో పోల్చితే ఆ 18 శాతం నిజమే. కానీ ఒకే వేగం దగ్గర పోల్చితే కాదు. కారు 150 కిలోమీటర్ల వేగంలో ఉందనుకోండి. ఆ క్షణాన దాన్ని ముందుకు తోసే బలం ఇంజిన్ అప్పుడిస్తున్న పవర్‌ను వేగంతో భాగిస్తే వచ్చేదే. గేర్ ఏదైనా సరే, 400 హార్స్‌పవర్‌కు మించి తోయలేదు. పాత గేరింగ్‌లో 150 దగ్గర మూడో గేర్‌లో ఇంజిన్ 7,100లో ఉంటే, మీరు అప్పటికే గరిష్ఠ పవర్ దగ్గరున్నట్టు. ఫైనల్ పెంచాక అదే 150 దగ్గర మీరు నాలుగో గేర్‌లోకి వెళ్లి ఉంటారు, 6,700 ఆర్‌పీఎంలో ఉంటారు. ఆ క్షణంలో నిజానికి కాస్త నష్టపోయారు. పొట్టి గేరింగ్ వల్ల వచ్చే లాభమంతా, ఇంజిన్ ల్యాప్ పొడవునా సగటున ఎంతసేపు తన గరిష్ఠ పవర్‌కు దగ్గరగా ఉంటుందన్నదే. దాంతోపాటు గేర్ మార్పులు పెరుగుతాయి. ఒక్కో మార్పుకీ ఓ క్షణం పాటు చక్రాలకు తోపు ఉండదు. లాభం, నష్టం రెండూ కలిపి లెక్కేసుకోవాలి.

ఇంజిన్ నిరంతరం గరిష్ఠ పవర్ దగ్గరే ఉండే గేర్‌బాక్స్ ఉంటే ఈ గొడవే ఉండదు. రేషియో మెట్లు మెట్లుగా కాక జారుతూ మారే సీవీటీ చేసేది అదే. విలియమ్స్ జట్టు 1993లో ఎఫ్‌డబ్ల్యూ15సి ఫార్ములా వన్ కారులో దాన్ని పెట్టి పరీక్షించింది కూడా. 1994 నిబంధనలు దానికి తలుపు మూసేశాయి. మనకు మిగిలింది మెట్లే. ఆ మెట్ల మధ్య ఎడం ఎంతన్నదే ఇక మిగతా ట్యూనింగ్ అంతా.

గేర్ మార్చినప్పుడు ఆర్‌పీఎం ఎంతకి పడుతుందో తెలుసుకోవడం తేలిక. పై గేర్ రేషియోను కింది గేర్ రేషియోతో భాగించి, మార్చిన ఆర్‌పీఎంతో గుణించాలి. మన కారులో 7,500 దగ్గర ఒకటి నుంచి రెండుకి మారితే 5,040కి పడుతుంది. రెండు నుంచి మూడుకి 5,580. మూడు నుంచి నాలుగుకి 6,000. తర్వాత 6,150. చివరగా అయిదు నుంచి ఆరుకి 6,290. పైకి పోయేకొద్దీ పడే దూరం తగ్గుతోంది చూడండి. అది కావాలని చేసిందే. కింది గేర్లలో వేగం తక్కువ, గాలి నిరోధం లెక్కలోకి రాదు, ఇంజిన్ కాస్త కిందికి పడినా వెంటనే లేస్తుంది. ఆరో గేర్‌లో 242 దగ్గర అడుగుపెట్టినప్పుడు మాత్రం గాలి గోడలా నిలబడి ఉంటుంది. అక్కడ ఇంజిన్ 5,000కి పడిందంటే ఇక లేవదు. అందుకే పై గేర్లు దగ్గర దగ్గరగా, కింది గేర్లు ఎడంగా ఉండాలి.

ఇది అన్ని ఇంజిన్లకూ ఒకేలా వర్తించదు. టర్బో ఇంజిన్ ఒక స్థాయి ఆర్‌పీఎం కిందికి పడితే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పోతుంది, మళ్లీ అందుకోవడానికి సమయం పడుతుంది. అలాంటి కారుకు గేర్ మార్చాక పడే చోటు బూస్ట్ వచ్చే చోటుకు పైనే ఉండాలి, అదొక్కటే నియమం. టర్బో లేకున్నా పై ఆర్‌పీఎంలోనే బతికే కార్లూ ఉన్నాయి: 1991లో లే మాన్స్ 24 గంటల రేసు గెలిచిన మాజ్దా 787బి గరిష్ఠ పవర్ 9,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అలాంటి కారును కింద ఈదనిచ్చే గేరింగ్ పెడితే దానికి అన్యాయం చేసినట్టే. అదే తక్కువ ఆర్‌పీఎం నుంచే దండిగా టార్క్ ఇచ్చే పెద్ద వీ8కి గేర్లు ఎడంగా ఉన్నా నష్టముండదు. గేర్ మార్పులు తగ్గుతాయి కాబట్టి పైగా లాభం.

ఎప్పుడు మార్చాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ఇప్పుడున్న గేర్‌లో ఇంజిన్ ఇస్తున్న పవర్, మార్చాక పడే ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే పవర్ కంటే తగ్గిపోయిన క్షణమే మార్చాల్సిన క్షణం. మన కారు 7,500 దగ్గర 385 ఇస్తుందనుకోండి. నాలుగు నుంచి అయిదుకి మారితే పడేది 6,150కి, అక్కడ 365 మాత్రమే. అందుకని లిమిటర్ దాకా పట్టి ఉంచడమే మేలు. పవర్ గరిష్ఠం దాటగానే దబ్బున పడిపోయే ఇంజిన్ అయితే లిమిటర్ దాకా లాగడం వృథా. గేమ్‌లో కనిపించే పవర్ గ్రాఫ్‌ను ఒకసారి శ్రద్ధగా చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది.

ఇక మీ 220 సెట్టింగ్. స్టార్టింగ్‌లో టైర్లు ఉత్తినే తిరగడానికి కారణం మొదటి గేర్ మరీ పొట్టిదైపోవడం. చక్రం మీద పడే బలం గ్రిప్‌ను మించితే మిగిలిందంతా పొగే. రియర్ వీల్ డ్రైవ్ కారుకు మొదటి గేర్ విషయంలో ఇంజిన్ ఎంత ఇవ్వగలదన్నది లెక్క కాదు, వెనక టైర్లు ఎంత మోయగలవన్నదే లెక్క. ట్రాక్షన్ కంట్రోల్ వేస్తే స్పిన్ ఆగుతుంది కానీ, అది ఆపేది పవర్ కోసే. గేర్ పొడవు చేస్తే అదే పని ఏ కోతా లేకుండా జరుగుతుంది. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు టైరు కాస్త జారి వెంటనే పట్టుకునేదాకా మొదటి గేర్ అంకె తగ్గించుకుంటూ రండి. కార్లు కదులుతూనే మొదలయ్యే రోలింగ్ స్టార్ట్ రేసైతే, మొదటి గేర్ అవసరమయ్యే హెయిర్‌పిన్ (యూటర్న్ లాంటి మలుపు) కూడా లేకపోతే, అసలు మొదటి గేర్‌ను పట్టించుకోనక్కర్లేదు. దాన్ని రెండో గేర్‌కు దగ్గరగా జరిపి వదిలేయండి.

పొట్టి కింది గేర్లకు ఇంకో పక్క కూడా ఉంది. బ్రేకింగ్‌లో తొందరపడి గేర్ దింపితే ఇంజిన్ బ్రేకింగ్ వెనక చక్రాలను ఒక్కసారిగా పట్టేస్తుంది, కారు తోక తిప్పుతుంది. చాలామంది దీన్ని బ్రేక్ బ్యాలెన్స్ సమస్య అనుకుని అక్కడ కెలుకుతారు.

స్నేహితుడు చెప్పిన చిట్కా సంగతి. గ్రాన్ టురిస్మో పాత భాగాలు ఆడినవాళ్లలో బాగా తిరిగిన చిట్కా అది. టాప్ స్పీడ్ స్లైడర్ విడిగా ఒక గేర్‌ను మార్చదు. అది కదిలితే గేర్లన్నీ ఒక్కసారిగా మళ్లీ లెక్కగట్టి పేర్చబడతాయి. ఫైనల్ ఎక్కడ ఉండగా దాన్ని కదిపారన్నదాన్ని బట్టి విడి గేర్ల విలువలు, వాటిని ఎంతవరకు జరపవచ్చన్న హద్దులు మారిపోయేవి. మామూలుగా స్లైడర్ రానివ్వని దగ్గర దగ్గర గేర్ల వరుసను, ఈ వరుసలో కదిపి రాబట్టుకునేవారు. ఆ తర్వాత ఫైనల్‌ను వెనక్కి తెచ్చి వేగం హద్దును సరిచేసుకునేవారు.

ఇందులో మంత్రమేమీ లేదు. చక్రానికి తెలిసేది గేర్, ఫైనల్ గుణిస్తే వచ్చే ఒక్క అంకె మాత్రమే. 0.88 గేర్‌కు 3.67 ఫైనల్ పెట్టినా, 0.734 గేర్‌కు 4.40 ఫైనల్ పెట్టినా మొత్తం 3.23. ట్రాక్ మీద రెండింటికీ తేడా ఉండదు. ఆరు గేర్ల మొత్తం రేషియోలు మీకు కావాల్సినట్టు మామూలు పద్ధతిలోనే వస్తుంటే చిట్కా అక్కర్లేదు. హద్దు అడ్డొస్తేనే వాడండి.

నేనైతే ఈ వరుసలో వెళ్లమంటాను. మొదట ఇప్పుడున్న సెట్టింగ్‌ను వేరే షీట్‌లో సేవ్ చేసుకోండి. తర్వాత టాప్ స్పీడ్ స్లైడర్‌ను మీ కారు నిజంగా అందుకునే వేగానికి కాస్త పైన పెట్టండి. 265 అందుకునే మీ కారుకు 285 అలా. ఇక దాన్ని మళ్లీ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే తర్వాత మీరు చేతితో దిద్దిన గేర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ట్రాక్ మీదికెళ్లి స్ట్రెయిట్ చివర అంకెలు చూసి ఫైనల్ సరిచేయండి. అది కుదిరాకే విడి గేర్ల జోలికి. ఫోర్జా హొరైజన్ లాంటి గేమ్‌లో స్పోర్ట్ ట్రాన్స్‌మిషన్‌కు ఫైనల్ ఒక్కటే మార్చనిస్తారు, విడి గేర్లు కావాలంటే రేస్ ట్రాన్స్‌మిషన్ వేయాలి. చాలా కార్లకు ఫైనల్ ఒక్కటి కుదిరినా లాభంలో పెద్ద వాటా వచ్చేస్తుంది. విడి గేర్ల దగ్గర మిగిలేది మూలమలుపుల పని.

నాకు ఈ భాగమే అన్నిటికన్నా ఇష్టం. మీ ట్రాక్‌లో ఒక పొడవాటి స్ట్రెయిట్‌కు ముందున్న కార్నర్‌ను తీసుకోండి. కనిష్ఠ వేగం 100, రెండో గేర్. బయటికి వస్తూ థ్రాటిల్ తెరుస్తారు, స్టీరింగ్ ఇంకా తిప్పే ఉంది, 118 దగ్గర రెండో గేర్ అయిపోతుంది. కెర్బ్ (ట్రాక్ అంచు గట్టు) మీద ఉండగా గేర్ మార్చాలి. తోపు ఒక్క క్షణం ఆగి మళ్లీ తన్నేసరికి వెనక భాగం కదులుతుంది, మీరు స్టీరింగ్ దిద్దుతారు, థ్రాటిల్ తగ్గిస్తారు. ఆ కార్నర్‌లో పోయిన వేగం స్ట్రెయిట్ చివరిదాకా తిరిగిరాదు. మూడో గేర్‌లో పోదామంటే 100 దగ్గర ఇంజిన్ 4,730లో ఉంటుంది, లాగదు. రెండో గేర్‌ను 2.15 నుంచి 2.05కి తగ్గించి చూడండి. ఇప్పుడది 124 దాకా పోతుంది. స్టీరింగ్ నేరుగా అయ్యాక, కెర్బ్ దిగాక మారుస్తారు. ఆరు కిలోమీటర్లే, కానీ కారు ప్రవర్తనే మారిపోతుంది.

ఆ మార్పుకు ధర ఉంది. రెండో గేర్ మూడుకి దగ్గరైంది, ఒకటికి దూరమైంది. ఒకటి నుంచి రెండుకి మారితే ఇంతకుముందు 5,040కి పడేది, ఇప్పుడు 4,800కి పడుతుంది. మొదటి గేర్‌ను 3.20 నుంచి 3.05కి తెస్తే మళ్లీ 5,040 వస్తుంది. అంటే ఒక గేర్ కదిపితే పక్కదాన్ని కూడా చూసుకోవాలి. మన కారుకు అదృష్టవశాత్తు మొదటి గేర్ పొడవవడం కూడా మంచిదే, వీల్‌స్పిన్ తగ్గుతుంది.

స్ట్రెయిట్ చివర కూడా ఇలాంటిదే ఒకటి చూడండి. బ్రేక్ వేయడానికి కాస్త ముందు ఆరో గేర్ వేసి, వేసీవేయగానే దింపుతున్నారా? ఆ రెండు మార్పులూ దండగే. అయిదో గేర్‌ను ఇంకాస్త సాగదీసి బ్రేకింగ్ పాయింట్ దాకా అందులోనే పోయేలా చేయండి. ఆరో గేర్‌ను ఖాళీగా వదిలేసినా తప్పులేదు. ఉన్న గేర్లన్నీ వాడాలని ఎక్కడా రాసిలేదు.

ట్రాక్ మారితే ఇదంతా మారుతుంది. దీనికి లే మాన్స్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ ట్రాక్‌లోని ముల్సాన్ స్ట్రెయిట్ ఒకప్పుడు దాదాపు 6 కిలోమీటర్లు ఏకధాటిగా ఉండేది. 1988లో అక్కడ డబ్ల్యూఎం పీ88 కారు 405 కిలోమీటర్ల వేగం నమోదు చేసింది. 1990లో రెండు షికేన్లు (వేగం తగ్గించే వరుస మలుపులు) పెట్టి ఆ స్ట్రెయిట్‌ను మూడు ముక్కలు చేశారు. గ్రాన్ టురిస్మో 7లో షికేన్లున్న లేఅవుట్, లేని లేఅవుట్ రెండూ ఉన్నాయి. ఒకే కారును రెండింటిమీదా నడిపి, ప్రతిసారీ స్ట్రెయిట్ చివర అంకెలు చూసి ఫైనల్ దిద్దండి. షికేన్లు లేనిచోట కారు గాలితో కుస్తీపడుతూ చాలాసేపు గరిష్ఠ వేగంలోనే ఉంటుంది, అక్కడ ఆరో గేర్ రేషియో ప్రాణం. షికేన్లున్నచోట ప్రతి ముక్కకూ కింది గేర్ల నుంచి మళ్లీ లేవాలి, అక్కడ మధ్య గేర్ల ఎడం ప్రాణం. గేరింగ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తెలీదు.

కొన్ని గేమ్‌లలో ఈ పేజీయే కనిపించకపోతే ఖంగారుపడకండి. ఫార్ములా వన్‌లో 2013 వరకు జట్లు ట్రాక్‌ను బట్టి రేషియోలు మార్చుకునేవి. 2014 నుంచి ఎనిమిది గేర్లు, సీజన్ మొత్తానికి ముందే ప్రకటించిన ఒకే వరుస. మోనాకోకైనా, మోంజాకైనా అవే. అసెట్టో కోర్సా కాంపిటీజియోనేలోని జీటీ3 కార్లకూ రేషియోలు మార్చే వీలుండదు. అసలు రేసుల్లోనే అక్కడ అవి స్థిరం.

గుంపులో రేసాడేటప్పుడు ఒక జాగ్రత్త. ముందు కారు వెనక స్లిప్‌స్ట్రీమ్‌లో గాలి నిరోధం తగ్గి, ఒంటరిగా అందని వేగం అందుతుంది. ఒంటరిగా 269 వెళ్లే కారుకు లిమిటర్‌ను సరిగ్గా 270 దగ్గర పెట్టుకుంటే, దాటేయాల్సిన క్షణంలోనే ఇంజిన్ లిమిటర్‌కి కొట్టుకుంటుంది. ముందువాడు అలాగే ముందుంటాడు. అందుకే మన ఉదాహరణలో 288 దాకా వదిలాను. టైమ్ ట్రయల్‌లో స్లిప్‌స్ట్రీమ్ ఉండదు కాబట్టి ఆ జాగా తగ్గించుకోవచ్చు. అలాగే వెనక వింగ్ డౌన్‌ఫోర్స్ (గాలి కారును నేలకు నొక్కే బలం) పెంచినా, ఇంజిన్ పవర్ పెంచినా, చక్రాల సైజు మార్చినా పాత గేరింగ్ చెల్లదు. విడి గేర్లను కదపకుండా స్ట్రెయిట్ చివర అంకెలు మళ్లీ చదివి, ఫైనల్ ఒక్కటి దిద్దుకోండి.

చివరగా ఆటోమేటిక్ సంగతి. రేషియోలు అక్కడ కూడా ఇలాగే పనిచేస్తాయి. గాలికీ, ఇంజిన్‌కీ గేర్ ఎవరు వేశారన్నది పట్టదు. తేడా ఏమిటంటే, ఎప్పుడు మార్చాలో మీ చేతిలో ఉండదు. కార్నర్ మధ్యలో వేగం గేర్ చివరకు వచ్చిందంటే గేమ్ అక్కడే మార్చేస్తుంది. స్టీరింగ్ తిప్పి ఉందని చూడదు. కాబట్టి ఆటోమేటిక్‌లో ఆడేటప్పుడు ముఖ్యమైన కార్నర్ల వేగాలు ఏ గేర్ చివరకూ తగలకుండా, గేర్ మధ్య భాగంలో పడేలా రేషియోలు పెట్టుకోండి. పైన చెప్పిన 100 కిలోమీటర్ల కార్నర్‌కు మాన్యువల్‌లో రెండో గేర్ 124 దాకా ఉంటే సరిపోయింది. ఆటోమేటిక్‌లో 130 దాకా సాగదీయమంటాను. మీరు మాన్యువల్‌కి ఎలాగూ మారారు కాబట్టి, అలవాటయ్యేదాకా ఆ 130 సెట్టింగ్‌తోనే నడపండి. గేర్ మార్చే చెయ్యి కుదురుకున్నాక 124కి తెచ్చుకోవచ్చు.